అపార్ట్‌మెంట్‌లో రథసప్తమి: ఏది మానకూడదు, ఏది మానెయ్యొచ్చు

ప్రశ్న: "మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. మావారి బదిలీ వల్ల ఇప్పుడు విజయనగరంలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాం. అత్తగారు మోకాళ్ళ నొప్పులతో ఊళ్ళోనే ఉండిపోయారు. రథసప్తమి ఈసారి మొదటిసారి నేనే చెయ్యాలి. పెరడు లేదు, బాల్కనీ పడమర ముఖం, పిడకల పొయ్యికి చోటు లేదు. ఆరేళ్ళ పాప, మూడేళ్ళ బాబు ఉన్నారు. ఎనిమిదిన్నరకి నేను ఆఫీసులో ఉండాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం అంటున్నారు, నిజమేనా? ఇంత హైరానా పడేకన్నా అర్ధరాత్రి అరసవల్లి వెళ్ళి దర్శనం చేసుకుంటే సరిపోతుందా?"

సమాధానం:

చెల్లెమ్మా, మీరు రాసినవాటిలో పెరడు లేకపోవడం, పిడకల పొయ్యి లేకపోవడం పెద్ద విషయాలేం కావు. బాల్కనీ పడమరకి ఉండటమే అసలు చిక్కు. ఈ పండగకి ఉదయించే సూర్యుడు ఎదురుగా కనపడాలి. స్నానం, పరమాన్నం, రథం అన్నీ ఆ కాసేపటి కోసమే. అందుకని ముందురోజే ఒకసారి మేడ మీదకి వెళ్ళి చూసి రండి. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, వాచ్‌మన్ అంత పొద్దున్నే తీస్తాడా, తూర్పు వైపు వాటర్ ట్యాంకో పక్క బిల్డింగో అడ్డం వస్తుందా, ఈ మూడూ తేల్చుకుంటే మిగతాది సులువు.

నాది శ్రీకాకుళమే. తులసికోట దగ్గర పెద్ద పొయ్యి పెట్టి చేసిన పండగా చూశాను, బదిలీల్లో తిరుగుతూ అద్దె ఇళ్ళ మెట్ల మీద చేసిన పండగా చూశాను. ఇప్పుడు మేమూ ఫ్లాట్‌లోనే ఉంటున్నాం. నేను చెప్పేది మా ఇంటి పద్ధతి. మీ అత్తగారిది వేరేగా ఉంటే ఆవిడ చెప్పినట్టే చెయ్యండి. ముందే ఫోన్ చేసి అడిగితే ఆవిడకీ సంతోషం, రేపు "మా ఇంటి ఆనవాయితీ అది కాదు" అన్న మాట కూడా రాదు.

తేదీ సంగతి ముందు చూద్దాం. మాఘ శుద్ధ సప్తమి ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఒకచోట నిలవదు. 2024లో ఫిబ్రవరి 16న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న. అలా ఏటా పది పన్నెండు రోజులు వెనక్కి జరుగుతూ వస్తుంది. 2026లో జ్యేష్ఠం అధికమాసం కాబట్టి 2027లో మళ్ళీ ఫిబ్రవరి 13కి పోతుంది. సూర్యోదయానికి సప్తమి ఉన్న రోజు చూసుకోవాలి. ఇంట్లో పంచాంగమో గోడ క్యాలెండరో చూడండి. వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లని నమ్మకండి, పోయినేడాది తేదీతోనే మళ్ళీ తిరుగుతుంటాయి.

ఇక టైము. మీరు ఎనిమిదిన్నరకి ఆఫీసు అన్నారు కదా, హాయిగా సరిపోతుంది. మన జిల్లాల్లో ఆ రోజుల్లో సూర్యోదయం 6.20, 6.30 మధ్య ఉంటుంది. ఫిబ్రవరి మొదటి వారంలో వస్తే 6.27 ప్రాంతం. బిల్డింగుల వెనక నుంచి పైకి రావాలి కాబట్టి మీకు కనిపించేసరికి ఇంకో పావుగంట పట్టొచ్చు. అయిదింటికి లేస్తే, ఆరింటికల్లా స్నానాలు, ఆరుంబావుకి మేడ మీద, ఏడుంబావుకి కిందికి. పిల్లల్ని మాత్రం ముందు రాత్రి ఎనిమిదింటికే పడుకోబెట్టండి. పొద్దున్నే లేవని పిల్లాడిని చలిలో లాగి స్నానం చేయిస్తే ఆ ఏడుపుకి పక్క ఫ్లాట్ల వాళ్ళు కూడా లేస్తారు.

సూర్యోదయం గురించి ఒక ముచ్చట చెప్తాను, పాపకి కూడా చెప్పండి. సంక్రాంతి వెళ్ళగానే పొద్దున్నే తెల్లారిపోతుందని అందరం అనుకుంటాం. అలా జరగదు. మన వైపు డిసెంబరు 21న పగలు సుమారు 11 గంటలు, సూర్యోదయం 6.22 ప్రాంతం. జనవరి 20 వచ్చేసరికి పగలు పది నిమిషాలు పెరుగుతుంది, కానీ సూర్యోదయం ఇంకా ఆలస్యమై ఆరున్నర అవుతుంది. పెరిగిన వెలుతురంతా సాయంత్రం వైపే చేరుతుంది. డిసెంబరులో 5.23 ప్రాంతంలో వాలిన పొద్దు ఫిబ్రవరి మొదట్లో 5.50 దాకా ఉంటుంది. భూమి కక్ష్య పూర్తి గుండ్రంగా లేకపోవడం, భూమి ఒరిగి తిరగడం, ఈ రెండిటివల్ల గడియారం చూపే మధ్యాహ్నానికీ సూర్యుడు నడినెత్తికొచ్చే వేళకీ తేడా పడుతుంది. ఫిబ్రవరి రెండో వారం దాకా సూర్యుడు నడినెత్తికొచ్చే ఆ వేళ రోజూ కొద్దికొద్దిగా ఆలస్యమవుతుంటుంది. జనవరి మూడో వారం దాటాకే ఉదయాలు ముందుకి రావడం మొదలవుతుంది, మాఘమాసం కూడా దాదాపు అప్పుడే వస్తుంది. ఇదంతా లెక్కకట్టే పెద్దవాళ్ళు పండగ పెట్టారని నేననను. కానీ "రథసప్తమితో సూర్యుడి రథం తిరుగుతుంది" అనే మాట, అయిదింటికి అలారం పెట్టుకుని లేచే మనలాంటి ఆడవాళ్ళకి నెలాఖరుకల్లా అనుభవంలోకి వస్తుంది. చీకట్లో వెలిగించే వంటింటి లైటు ఆ తర్వాత నెమ్మదిగా అక్కర్లేకుండా పోతుంది.

జిల్లేడు పాల సంగతి. మీరు విన్నది నిజమే, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆకు తుంపగానే తొడిమ దగ్గర చిక్కటి తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే నల్లగుడ్డు మీదుండే పొర, అదే కార్నియా, దెబ్బతింటుంది. ఇందులో మోసం ఏమిటంటే చాలామందికి నొప్పి పెద్దగా ఉండదు. చూపు మసకబారుతుంది, వెలుతురు చూడలేకపోతారు, అంతే. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. పొరపాటున పడితే వెంటనే కుళాయి కింద ధారగా పావుగంట కడిగి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తల్లిపాలు, తేనె, పసర్లు ఏవీ పొయ్యకూడదు.

అందుకని జిల్లేడు మానెయ్యక్కర్లేదు, పద్ధతిగా వాడితే చాలు. ముందురోజు సాయంత్రమే ఆకులు తెప్పించండి. మార్కెట్లో కట్టలు దొరుకుతాయి. లేదంటే ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల వైపు బోలెడు చెట్లుంటాయి. తెల్ల జిల్లేడు దొరికితే మంచిది అంటారు, దొరక్కపోతే మామూలు జిల్లేడే తీసుకోండి, దానికోసం ఊరంతా తిరగొద్దు. అరచేతి కన్నా పెద్దగా, కాస్త ముదురుగా ఉన్న ఆకులు ఏరుకోండి. లేతవి నీళ్ళు పడగానే జారిపోతాయి. తెచ్చిన ఆకుల్ని తొడిమలు కిందికి ఉండేలా ఒక పాత బకెట్ నీళ్ళలో కాసేపు నిలబెడితే పాలు కారి, నీళ్ళు తెల్లబడతాయి. ఆ నీళ్ళు పారబోసి, ఆకుల్ని రెండోసారి కడగండి. ఆకు మీద తెల్లటి పొడి నూగు ఉంటుంది, బొటనవేలితో రాస్తే వచ్చేస్తుంది. తొడిమ చివర తెల్లగా చుక్క కట్టకుండా ఆరిందంటే ఇక ఫర్వాలేదు. తడిగుడ్డలో చుట్టి పిల్లలకి అందకుండా పెట్టండి. ఆకులు ముట్టుకున్నవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కునేదాకా కన్ను నులుముకోకూడదు. ఇది మీవారికి కూడా గట్టిగా చెప్పండి, మగవాళ్ళు విన్నట్టే ఉంటారు.

స్నానం దగ్గర ఏడు ఆకులు: తల మీద ఒకటి, భుజాల మీద రెండు, మోకాళ్ళ మీద రెండు, పాదాల మీద రెండు. ఒక్కో ఆకు మీద ఒక రేగుపండు, నాలుగు అక్షింతలు. నిలబడి ఇవన్నీ పెట్టుకోవడం ఎవరివల్లా కాదు, కింద పడిన రేగుపండు ఏరుకుంటుంటే భుజం మీది ఆకు జారుతుంది. పీట వేసుకుని కూర్చోండి. పాదాల దగ్గర మొదలుపెట్టి చివర్న తల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చెంబుతో నెమ్మదిగా పోసుకోండి. ఇంకొకరు పోస్తే ఇంకా మంచిది. "యద్యజ్జన్మకృతం పాపం" అని మొదలయ్యే శ్లోకం ఆ సమయంలో చదువుతారు. ఏడు జన్మల్లో చేసిన పాపం, రోగం, శోకం ఈ సప్తమి పోగొట్టాలని దాని భావం. నోటికి రాకపోతే కాగితం మీద రాసి బాత్రూం తలుపు బయట ఒకరు నిలబడి చదవొచ్చు. మా ఇంట్లో కొత్తగా వచ్చిన కోడళ్ళందరికీ అలాగే నడిచింది. రేగుపళ్ళు చిన్న నాటువి తీసుకోండి, గంగరేగులు తల మీద నిలవవు.

మీ మూడేళ్ళ బాబుకి మాత్రం జిల్లేడు ఆకు పెట్టకండి. రేగాకులు ఏడు, లేదా చిక్కుడాకులు పెట్టండి. జిల్లేడు దొరకనప్పుడు వాటితో చేసుకోవడం ఉన్నదే. రేగుపండు కూడా పెద్దవాళ్ళు పట్టుకుని ఉంచాలి, నోట్లో వేసుకుంటే గింజ గొంతుకి అడ్డం పడుతుంది. ఆరేళ్ళ పాప చెప్పిన మాట వినే రకమైతే తల మీద ఒక్కటి, బాగా కడిగిన ఆకు పెట్టొచ్చు. మీ పాప సంగతి మీకే తెలుసు.

తర్వాత పరమాన్నం. ఊళ్ళో అయితే సంక్రాంతి నెల గొబ్బెమ్మల్ని ఎండబెట్టిన పిడకలు దాచి, ఈ రోజు వాటి మీదే వండుతారు. మన వైపు భోగికి పిడకల దండలు వేస్తాం కాబట్టి వాటిలో కొన్ని మిగుల్చుకుంటే సరి. మీకు మేడ మీద చోటుంది కాబట్టి అసోసియేషన్ వాళ్ళని ఒకమాట అడగండి. ఒప్పుకుంటే ఒక పాత ఇనప కుంపటిలో నాలుగు పిడకలు, రెండు కర్పూరం బిళ్ళలు చాలు. గాలికి ఎదురు కాకుండా గోడ వారగా పెట్టి, పక్కన బకెట్టుతో నీళ్ళుంచండి. ముందురోజు ఆరేసిన బట్టలు ఎవరివైనా తీగ మీద ఉంటే తీయించాలి, పొగ వాసన వారం రోజులు పోదు. ఒప్పుకోకపోతే దానికి బాధపడకండి. గ్యాస్ పొయ్యి మీద వండితే పండగేం తగ్గిపోదు. బాల్కనీలో మాత్రం పిడకలు వెలిగించకండి, మంట కన్నా పొగ ప్రమాదం. పై ఇంట్లో ముసలివాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఎవరున్నారో మనకి తెలీదు.

నేను చేసే మధ్యే మార్గం ఒకటుంది. మేడ మీద కుంపటి మీద ఒక చిన్న గిన్నెలో పాలు మాత్రం పొంగిస్తాను. అది పదినిమిషాల పని. అసలు వంట కింద వంటింట్లో స్నానం కాగానే మొదలుపెట్టేస్తాను. పొంగిన పాలని తెచ్చి అందులో కలుపుతాను. పిల్లలకి కావలసింది ఆ పొంగే. నురగ గిన్నె అంచుదాకా లేచి ఒక పక్కకి ఒరిగి కారుతుంటే వాళ్ళు అరిచే అరుపులు చూడాలి. తూర్పు వైపుకి పొంగితే మంచిదని అంటారు. గిన్నెని కాస్త ఆ వైపు వంచి పెట్టే ఇల్లాళ్ళని చాలామందిని చూశాను, అందులో తప్పేం లేదు.

కొలతలు: గ్లాసు కొత్త బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు, నాలుగు గ్లాసుల పాలు, గ్లాసుంబావు తరిగిన బెల్లం. కొత్త బియ్యం త్వరగా మెత్తబడుతుంది, కలుపుతూ ఉండాలి, అడుగంటుతుంది. కలపడానికి చెరకు గడ ముక్క వాడటం ఆచారం. సంక్రాంతికి తెచ్చిన గడలో మిగిలిన ముక్క చెక్కు తీసి ఉంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం బెల్లం ఎప్పుడు వెయ్యాలన్నది. మెతుకు వేళ్ళ మధ్య నలిపితే పూర్తిగా మెత్తబడాలి, అప్పుడు పొయ్యి ఆపి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు బెల్లం. ముందే వేస్తే రెండు నష్టాలు. మెతుకు ఇక ఉడకదు, పాలు విరిగే ప్రమాదం ఉంది. అనకాపల్లి బెల్లం అయితే ఒకసారి గోరువెచ్చని నీళ్ళలో కరిగించి వడకట్టండి, ఇసుక, చెరకు పీచు ఉంటాయి. చివర్న నెయ్యి, రెండు ఏలకులు. జీడిపప్పు, కిస్మిస్ మీ ఇష్టం. పచ్చకర్పూరం ఆవగింజంత, అంతకు మించితే చేదు.

పరమాన్నాన్ని చిక్కుడు ఆకుల్లో పెట్టి నైవేద్యం చెయ్యాలి, ఏడు ఆకులు. టౌన్లో చిక్కుడుకాయలు దొరుకుతాయి కానీ ఆకులు దొరకడమే కష్టం. గంటస్తంభం దగ్గర మార్కెట్లోనో రైతుబజారులోనో కూరగాయలమ్మే పల్లె ఆడవాళ్ళకి రెండు రోజుల ముందు చెప్పి పెట్టండి. "అమ్మా, రథసప్తమికి చిక్కుడాకులు" అంటే వాళ్ళకి వేరే వివరం అక్కర్లేదు, పాదు నుంచి కోసి తెచ్చిస్తారు.

రథం పిల్లల చేత చేయించండి. దానికి లావుగా గింజ కట్టినవి కాకుండా పలచగా, తిన్నగా ఉన్న పందిరి చిక్కుడుకాయలు, కొత్త చీపురులోంచి తీసిన పుల్లలు లేదా కొబ్బరి ఈనెలు కావాలి. చీపురు కొత్తదే అయ్యుండాలి, ఇల్లు తుడిచింది పనికిరాదు. రెండు కాయలు పక్కపక్కన నాలుగు వేళ్ళ ఎడంలో పెట్టి, వాటి రెండు చివర్లలోంచి ఒక్కో పుల్ల అడ్డంగా గుచ్చండి. ఇది అడుగు చట్రం. గుచ్చేటప్పుడు కాయ కొసన కాకుండా వేలెడు లోపలికి, గింజకీ గింజకీ మధ్య ఉన్న చోట గుచ్చాలి. గింజ మీద గుచ్చితే కాయ చీలిపోతుంది. అడ్డపుల్లల కొసలు రెండు వైపులా కాస్త బయటికి రానిచ్చి, నాలుగు కొసలకీ నాలుగు రేగుపళ్ళు గుచ్చితే చక్రాలు. సూర్యుడి రథానికి చక్రం ఒక్కటే అని పురాణం. అది చెప్తే మీ పాప ఒక్క చక్రంతో ఎలా నిలబడుతుందని అడుగుతుంది, జవాబు సిద్ధంగా పెట్టుకోండి. నాలుగు మూలలా నిలువుగా పుల్లలు గుచ్చి, పైన ఇంకో రెండు కాయలతో కప్పు కడితే రథం అయిపోయింది. ఒక తమలపాకు మీద పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, లోపల చిన్న బెల్లం ముక్క ఉంచండి. కొందరు ఏడు గుర్రాలకి గుర్తుగా ముందు ఏడు చిన్న కాయలు పేరుస్తారు. ఆ గుర్రాల పేర్లు గాయత్రి, ఉష్ణిక్, అనుష్టుప్, బృహతి, పంక్తి, త్రిష్టుప్, జగతి. ఇవి ఏడూ వేద ఛందస్సులు. రథం తోలేవాడు అరుణుడు, తొడలు లేనివాడు కాబట్టి అనూరుడు అంటారు. పొద్దు రాకముందు వచ్చే ఎరుపు ఆయనే అని చెప్తే పిల్లలు తూర్పు వైపు నుంచి కళ్ళు తిప్పరు.

సూర్యుడు కనపడగానే అర్ఘ్యం. రాగి చెంబులో నీళ్ళు, ఒక ఎర్ర పువ్వు, అక్షింతలు. రెండు చేతులా పట్టుకుని, గుండె ఎత్తుకి ఎత్తి, ధారగా మూడుసార్లు వదలండి. కింద ఒక పళ్ళెమో మొక్క కుండీయో పెట్టుకోండి. మేడ అంచు నుంచి కిందికి పోస్తే గ్రౌండ్ ఫ్లోర్‌లో కారు తుడుచుకునే ఆయన మీద పడుతుంది. తర్వాత పన్నెండు నామాలు: మిత్ర, రవి, సూర్య, భాను, ఖగ, పూష, హిరణ్యగర్భ, మరీచి, ఆదిత్య, సవితృ, అర్క, భాస్కర. మీకు సూర్యనమస్కారాలు అలవాటుంటే నామానికొకటి వెయ్యండి, లేకపోతే నామానికొక నమస్కారం. ఆదిత్య హృదయం వచ్చిన వాళ్ళు చదువుకోవచ్చు. రావణుడితో యుద్ధంలో అలిసి నిలబడిన రాముడికి అగస్త్యుడు చెప్పింది అది, చదవడానికి పది నిమిషాలు పట్టదు. మీకు ఆఫీసు టైము అవుతుంటే సాయంత్రం చదువుకోండి. పిల్లలకి ఒక్కటి మాత్రం చెప్పాలి, సూర్యుడికి దణ్ణం పెట్టేటప్పుడు తల వంచి కళ్ళు మూసుకోవాలి, సూటిగా చూస్తూ ఉండకూడదు. కన్నులిచ్చే దేవుడని మొక్కుతూ కన్ను పాడుచేసుకోవడం ఎందుకు.

మంచు పట్టి సూర్యుడు కనిపించకపోతే? మన వైపు ఆ నెలలో పొగమంచు మామూలే. పంచాంగం టైముకి తూర్పుకి తిరిగి అర్ఘ్యం ఇచ్చెయ్యండి, ఆయన అక్కడే ఉన్నాడు కదా.

మానెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. వాకిలంతా రథం ముగ్గు ఊళ్ళో బాగుంటుంది. ఫ్లాట్ గుమ్మం ముందు జానెడు రథం చాలు, దానికి తాడు వేసి లిఫ్ట్ దాకా లాగితే పిల్లలకి సరదా. ఆన్‌లైన్‌లో "రథసప్తమి కిట్" అని ప్లాస్టిక్ కవర్లో ఏడు ఎండిన ఆకులు, రెండు పిడకలు పెట్టి అమ్ముతున్నారు. ఆ డబ్బు ఆకులు తెచ్చిచ్చే ఆవిడకి ఇవ్వండి. కొత్తబట్టలు, పదిరకాల వంటలు ఈ పండగలో లేవు. ఆ రోజు మీకు నెలసరి వస్తే మీవారి చేత అర్ఘ్యం ఇప్పించండి, పిల్లలు రథం చేస్తారు. అది టెన్షన్ పడేంత విషయం కాదు.

ఇక అరసవల్లి. సరిపోతుందా అని అడిగారు. దర్శనం దర్శనమే, ఇంట్లో అర్ఘ్యం అర్ఘ్యమే. ఒకదాని బదులు ఒకటి కాదు, కానీ ఒక్కటే కుదిరేటట్టుంటే, మూడేళ్ళ పిల్లాడు ఉన్న ఇంటికి నేను ఇంట్లో చేసుకోమనే చెప్తాను. సప్తమి అర్ధరాత్రి దాటగానే స్వామికి క్షీరాభిషేకం మొదలవుతుంది, తర్వాత నిజరూప దర్శనం. దానికోసం జనం ముందురోజు సాయంత్రం నుంచే ఇంద్ర పుష్కరిణి చుట్టూ చేరతారు. 2025లో దీన్ని రాష్ట్ర పండగగా ప్రకటించాక రద్దీ ఇంకా పెరిగింది. విజయనగరం నుంచి రోడ్డు మీద డెబ్బై కిలోమీటర్లకి అటూ ఇటూ, మాఘమాసపు చలి, గంటల తరబడి లైను. పెద్దవాళ్ళకి అది మొక్కు, పిల్లలకి శిక్ష. దాని బదులు అదే మాసంలో ఏదైనా మామూలు రోజు, సెలవు పెట్టుకుని వెళ్ళండి. మాఘ ఆదివారాలు స్వామికి ఇష్టమంటారు గానీ ఆ ఆదివారాల్లో కూడా జనం బాగా ఉంటారు. శుక్రవారమో బుధవారమో వెళ్తే ఆ నల్లరాతి మూర్తిని, రెండు చేతుల్లో పద్మాలని, కింద అరుణుడు తోలే ఏడు గుర్రాలని పాపకి తీరిగ్గా చూపించొచ్చు. రైల్లో అయితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి, అది ఆమదాలవలసలో ఉంది, అక్కడి నుంచి ఊళ్ళోకి ఇంకో పదమూడు కిలోమీటర్లు. గుడి ఊరి నడిబొడ్డు నుంచి రెండు కిలోమీటర్లు.

చాలామంది ఒక విషయంలో పొరబడతారు. స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడేది రథసప్తమి నాడు అనుకుని వస్తారు. అది మార్చి 9, 10, 11 ప్రాంతంలో, మళ్ళీ అక్టోబరు 1, 2, 3 ప్రాంతంలో. పొద్దున్నే కిరణాలు అనివెట్టి మండపం మధ్యలోంచి, ధ్వజస్తంభం పక్కగా లోపలికొచ్చి మూర్తి మీద పడతాయి. ఏడో శతాబ్దంలో కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించిన గుడి అని చెప్తారు. ఏడాదికి రెండుసార్లే ఎందుకంటే, ఉత్తరానికి వెళ్తూ మార్చిలో, దక్షిణానికి వస్తూ అక్టోబరులో, సూర్యుడు తూర్పుకి కొద్దిగా దక్షిణంగా దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. అప్పుడు కూడా మబ్బు ఉంటే కనపడదు, లైను ఉంటుంది, అన్నీ తెలుసుకుని వెళ్ళండి.

దీన్ని మీ మేడ మీదే పాపకి చూపించొచ్చు. రథసప్తమి నాడు పిట్టగోడ దగ్గర ఒక చోట నిలబడి, సూర్యుడు ఏ సెల్ టవర్ పక్క నుంచో ఏ చెట్టు పక్క నుంచో వస్తున్నాడో చూసి గోడ మీద చాక్‌పీస్‌తో గీత పెట్టమనండి. నిలబడ్డ చోట కూడా ఒక గుర్తు ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఫిబ్రవరి మొదట్లో సూర్యుడు తిన్నటి తూర్పుకి దాదాపు 17 డిగ్రీలు దక్షిణంగా వస్తాడు. మార్చి 20, 21కి తిన్నగా తూర్పున వస్తాడు. అంటే చెయ్యి చాచి చూస్తే జానెడుకి కాస్త తక్కువ దూరం ఎడమవైపుకి జరుగుతాడు. వారానికొక ఆదివారం గీత పెడితే చాలు.

మర్నాడు భీష్మాష్టమి, ఉత్తరాయణం దాకా అంపశయ్య మీద ఆగిన భీష్ముడికి తర్పణం విడిచే రోజు. అది మీ అత్తవారింట్లో ఆచారం ఉంటేనే చెయ్యండి. నోము విషయం కూడా అంతే. రథసప్తమి నాడు కొత్త నోము పట్టడం మంచిదని మీ చుట్టుపక్కల ఆడవాళ్ళు అంటారు, నిజంగానే చాలామంది ఈ రోజే పడతారు. కానీ పట్టిన నోముకి ఉద్యాపన కూడా ఉంటుంది, ఆఫీసు, చిన్నపిల్లలతో ఏడాదంతా కుదురుతుందా అన్నది చూసుకుని, అత్తగారిని అడిగి పట్టండి. ఈ ఏడు వద్దనిపిస్తే వచ్చే ఏడు మాఘంలో చూసుకోవచ్చు.